నీడ కౌంటరు

ఎండలో నిలబడ్డ మనిషికి నీడ కావాలన్న సంగతిని, ఇన్ని వేల ఏళ్ల నాగరికతలో, అధికారికంగా గుర్తించిన మొదటి సంస్థ ఆ ఆరుబయలు శిల్పశాల. గుర్తించి ఊరుకోలేదు, నీడకొక విభాగం పెట్టి, విభాగానికొక సూపరింటెండెంటును వేసింది.

వేసవిలో ఒకనాడు పొద్దున పదకొండింటికి రిటైరైన నర్సు ఒకావిడ, డ్రాయింగు మాస్టారుగా రిటైరైన భర్తతో అక్కడికి వెళ్లింది. పాతికేళ్లపాటు పుస్తకంలో చూపించి పిల్లలచేత గీయించిన రాతి ఏనుగును ఒక్కసారైనా కళ్లారా చూడాలని ఆయన కోరిక. సాయంత్రం వెళదామని ఆవిడ అంటే, నాలుగింటికే మూసేస్తారని (చల్లబడితే జనం వచ్చే ప్రమాదముంది) ఆయన చెప్పారు.

గేటు దగ్గర గొడుగు తీసేసుకున్నారు. దాని నీడ శిల్పాల మీద పడితే కళాకారుడు ఊహించిన వెలుగు చెడుతుందట. నీళ్ల సీసా కూడా తీసుకున్నారు. దానికి కారణం చెప్పలేదు, రసీదు మాత్రం ఇచ్చారు.

లోపల చెట్ల కింద బెంచీలున్నాయి. కూర్చోవాలంటే టోకెను ఉండాలి. మనిషికి తొమ్మిది నిమిషాలు. టోకెన్ల కౌంటరు మాత్రం నడి మైదానంలో పెట్టారు (నీడలో పెడితే క్యూలో నిలబడ్డవాళ్లు టోకెను లేకుండానే నీడ వాడేసుకుంటారు). ముప్పావు గంట నిలబడగా ఇద్దరికీ మూడో సెక్షను టోకెన్లు దొరికాయి. తీరా వెళ్లేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది, నీడ నాలుగో సెక్షనులోకి జరిగిపోయింది.

మెడదాకా కోటు గుండీలు పెట్టుకున్న కాపలాదారు టోకెన్లు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇవి మూడో సెక్షనువమ్మా. నీడ నాలుగులో ఉంది. మళ్లీ క్యూకి వెళ్లాలి."

మాస్టారు వెళ్లబోయారు. జన్మలో ఏ క్యూనీ దాటుకుపోని మనిషి. నాలుగడుగులు వేసి తూలిపోయారు. ముఖం ఎర్రగా కందిపోయింది, చెమట ఆగిపోయింది. చెమట ఆగితే ఏమవుతుందో ముప్పయ్యేళ్లు వార్డుల్లో చూసిన ఆవిడ ఆయన్ని క్యూకి వెళ్లనివ్వలేదు. భుజం పట్టి నడిపించుకెళ్లి, పక్కనే ఉన్న రాతి ఏనుగు పొట్ట కింద పడుకోబెట్టి, చొక్కా గుండీలు విప్పి, శిల్పశాల మ్యాపుతో విసరసాగింది.

సూపరింటెండెంటు వచ్చాడు. ఏనుగు నీడ కూడా శిల్పంలో భాగమేననీ, అందులో పడుకోవడం శిల్పాన్ని తాకినట్టేననీ మర్యాదగానే వివరించాడు. సొమ్మసిల్లినవారికి వేరే ఫారం ఉందనీ, దానిమీద సొమ్మసిల్లినవారే సంతకం పెట్టాలనీ కూడా చెప్పాడు.

"ముందు నీళ్లు తెప్పించండి. లేస్తే ఆయన పెడతారు సంతకం. లేవకపోతే మీరు పెడుదురుగాని," అందావిడ విసరడం ఆపకుండా.

ఆ రెండో పద్ధతికి నిబంధన ఉందేమో చూసుకోవడానికి సూపరింటెండెంటు ఆఫీసుకు వెళ్లాడు. అతను కనుమరుగయ్యాక కాపలాదారు కోటు లోపలి జేబులోంచి నీళ్ల సీసా తీసి ఇచ్చాడు. ఆవిడ సగం భర్త తల మీదా ఒంటి మీదా పోసి, ఆయనకి కాస్త తెలివి వచ్చాక మిగతాది గుక్కగుక్కగా తాగించింది. కాపలాదారు ఆఫీసు వైపు ఒకసారి చూసి, తనూ వంగి ఏనుగు కిందికి వచ్చి కూర్చున్నాడు.

"పదకొండేళ్లయిందమ్మా ఇక్కడ చేరి. దీని కింద ఇంత చల్లగా ఉంటుందని తెలీదు," అన్నాడు.

అరగంటకి మాస్టారు పూర్తిగా కళ్లు తెరిచారు. పైకి చూసి చూసి, ఇన్నేళ్లూ పొట్ట తప్పుగా గీయించానని నెమ్మదిగా అన్నారు. ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఇంటికొచ్చాక ఆవిడ రెండు పేజీల ఫిర్యాదు రాసింది: నీడ చాలడం లేదు, పైగా ఒకచోట నిలవడం లేదు. యాజమాన్యం దాన్ని తీవ్రంగా పరిగణించి, సమస్యను శాశ్వతంగా పరిష్కరించామని నెల తిరక్కుండా జవాబిచ్చింది. చెట్లన్నీ కొట్టించారు.

టోకెన్లు మాత్రం ఇంకా ఇస్తూనే ఉన్నారు.