బంగళా వాచీకి వచ్చిన జబ్బు

ఆ శనివారం పొద్దున వాచీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందుగదికి వెల్ల మొదటి పూత, భోజనం, ఒక కునుకు. ఆదివారం రెండో పూత. సోమవారం పదింటికి బంగళావారి వాచీ బంగళావారికి అప్పజెప్పడం. సున్నం బాగా నానింది. కొత్త కుంచెను పొడుగాటి కర్రకు గట్టిగా కట్టి గోడకు ఆనించి పెట్టాడు. రెండు రోజులు సెలవని కొట్టు ముందు పలక కూడా తగిలించి వచ్చాడాయన.

వీధిలో అందరూ ఆయన్ని వాచీలాయన అనే అంటారు. మెట్లకింద నాలుగడుగుల కొట్టు, ఒక బల్ల, కంటికి తగిలించుకునే భూతద్దం, ఇరవై ఏడేళ్లుగా అదే ఆయన సామ్రాజ్యం. ఇన్నేళ్లలో ఒక్కరి వాచీ పోలేదు, మారలేదు, ఒక్కదాని మీద గీత పడలేదు. మీకున్న ఆస్తేమిటని ఎవరైనా అడిగితే ఆయన ఇల్లాలు ఈ సంగతే చెబుతుంది.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉంది. కొన్ని వాచీలకు మనం కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి కదులుతుంటే వాటంతట అవే కీ ఎక్కించుకుంటాయి. అలాంటివి మరమ్మతుకు వస్తే ఏడు రోజులు తన ఎడమ చేతికి పెట్టుకుని తిరిగి, సెకను తేడా రాలేదని తేలాకే తిరిగి ఇస్తాడు. ఆ ఏడు రోజులూ ఆయన సొంత వాచీ, పెళ్లికి ముందు కొనుక్కున్న స్టీలుది, అగ్గిపెట్టెల పక్కన విశ్రాంతి తీసుకుంటుంది.

బంగళావారి వాచీ రావడం ఇది మూడోసారి. తెచ్చేది వాళ్ల మేనేజరు. ప్రతిసారీ ఒకటే ఫిర్యాదు, సార్ చేతికి పెట్టుకున్న మూడో రోజుకు ఆగిపోతోందని. విప్పి చూస్తే లోపల చక్రాలన్నీ నిక్షేపంలా ఉంటాయి. వాచీలాయన చేతి మీద ఏడు రోజులూ గుర్రంలా పరిగెత్తుతుంది. బంగళాకు వెళ్లగానే చతికిలబడుతుంది.

"అత్తారింటికి వెళ్లగానే జ్వరం తెచ్చుకునే కొత్తల్లుడిలా ఉంది దీని వరస" అన్నాడాయన ఇల్లాలితో.

మేనేజరు వచ్చినప్పుడల్లా కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని బంగళా వైభవం వర్ణించేవాడు. రెండంతస్తులకు లిఫ్టు. సార్‌కి చెప్పులు తొడగడానికి ఒకరు, తలుపులు తీయడానికి ఒకరు, ఫోను చెవి దగ్గర పట్టుకోవడానికి ఒకరు. చేపల తొట్టికి ప్రత్యేకంగా గది, ఆ గదికి ఏసీ. తోటలో నడవడానికి పాలరాతి బాట వేయించారు, దాని మీద సార్ తిరగడానికి బ్యాటరీ బండి కొన్నారు. వాచీలాయన స్క్రూలు బిగిస్తూ "ఓహో" అనేవాడు. వాటిలో ఒక్కటీ తనకుంటే బాగుండునని ఆయనకు తోచేది కాదు. ఫోను పట్టుకునేవాడి చెయ్యి లాగదా అని మాత్రం అనుమానం వచ్చేది.

సరిగ్గా కుంచె సున్నంలో ముంచేవేళకు బావమరిది దిగాడు. అతను ఫోన్ల షాపులో పని చేస్తాడు. చేతిలో ఫోను ఉంటే దేన్నయినా ఫొటో తీసి దాని పుట్టుపూర్వోత్తరాలు రాబడతాడు. బావ చేతి మీద వాచీని అలాగే ఫొటో తీసి, ఫోనులో ఏదో చదివి, ఇంటి గోడల్ని ఓసారి కలయజూశాడు.

"అక్కా, ఈ ఇల్లు అమ్మితే ఎంతొస్తుంది?"

"నీకెందుకురా పొద్దున్నే ఆ లెక్క?"

"ఎంతొచ్చినా చాలదులే. బావ చేతికున్నది కొనాలంటే ఇలాంటివి రెండమ్మాలి."

ఆ ముక్క చెప్పి, టీ తాగి, తన పని అయిపోయినట్టు వెళ్లిపోయాడు.

వాచీలాయన కుంచెను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు కింద పెట్టాడు. అది ఖరీదైన వాచీ అని ఆయనకు తెలుసు. రెండిళ్లని తెలియదు. ఈ అయిదు రోజుల్లో ఆ రెండిళ్లు చేతికి పెట్టుకుని తాను చేసిన పనులన్నీ వరసగా గుర్తొచ్చాయి. పంపు దగ్గర బిందెలు మోశాడు. సైకిలు చైను ఎక్కించాడు. పక్కవాటా చూరులో ఇరుక్కున్న పిల్లిని దింపాడు, అది గోళ్లతో రక్కింది కూడా. భూతద్దం తెచ్చి వాచీ అంతా వెతికాడు. గీత లేదు. అయినా చెమట ఆగలేదు.

"తీసి పెట్టెలో పెట్టండి" అంది ఇల్లాలు.

"మన పెట్టె తాళం జడపిన్నుతో వస్తుంది. నువ్వే కదా తీసేది."

"అయితే ఇప్పుడే వెళ్లి ఇచ్చేయండి."

"ఏడు రోజులని మాటిచ్చాను. ఇంక రెండే. నా ఒంటి మీద ఉంటేనే నాకు ధైర్యం."

ఆ ధైర్యం ఎంతటిదంటే, చెయ్యి పైకెత్తడానికి భయం, దించడానికి భయం. చివరికి మణికట్టుకు తువ్వాలు చుట్టి, ఇల్లాలి పాత చీర పీలికతో చేతిని గుండెకు ఆనించి కట్టించుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఇంట్లో ఇంత విలువైన వస్తువుందని ఎవరికీ తెలియకూడదని భార్యాభర్తలు ఒట్టు వేసుకున్నారు. ఎవరైనా అడిగితే ఏమీ లేదని చెప్పాలి.

మొదట అడిగింది పక్కవాటా నర్సమ్మ. ఆసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్లు చేసి రిటైరైన మనిషి. ఇంటికొచ్చాక ఆవిడకు రోగులు దొరకడం కష్టంగా ఉంది. కిటికీలోంచి కట్టు కనబడగానే చెప్పులు తిరగేసుకుని వచ్చేసింది.

"ఏమైంది తమ్ముడూ?"

"ఏమీ లేదక్కయ్యా."

నర్సమ్మ ముఖం గంభీరమైపోయింది. ఆవిడ అనుభవంలో ఏమీ లేదన్నవాళ్లందరికీ ఏదో ఒకటి విరిగే ఉంది. చూస్తానని చెయ్యి చాచింది. ఆయన వద్దు వద్దని కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. ముట్టుకోకముందే ఇంత బాధ అంటే ఎముక రెండు చోట్ల విరిగిందని ఆవిడ తీర్మానించింది. వేలికొస గిల్లి చూస్తే ఆయన అబ్బా అన్నాడు. దాంతో అనుమానం కూడా తీరిపోయింది. ఇంట్లోంచి రెండు స్కేళ్లు, బ్యాండేజీ తెచ్చి, తువ్వాలు మీదనే బిగించి కట్టేసింది. వేలు కూడా కదపకూడదని ఆజ్ఞ. ఫోను కూడా రోగికి అలసటని తన దగ్గరే పెట్టుకుంది. ఇల్లాలు చీర చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఏడుస్తోందనుకుని నర్సమ్మ ఆవిడ వీపు నిమిరింది.

వైద్యుల సలహాను వాచీలాయన జీవితంలో మొదటిసారి సంతోషంగా పాటించాడు. కానీ ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. చూడటానికి వచ్చినవాళ్లందరికీ ఎలా పడ్డాడో చెప్పాల్సి వచ్చింది. ఒకరికి మెట్లన్నాడు, ఇంకొకరికి సైకిలన్నాడు. నర్సమ్మ రెండూ కలిపి, సైకిలు మీద మెట్లు దిగాడని ఖాయం చేసింది. గోడలకు ఇల్లాలే ఒంటరిగా వెల్ల వేస్తుంటే చూస్తూ కూర్చోవడం ఆయనకు మరీ నరకంగా ఉంది. ఊరికే కూర్చోవడం ఇంత కష్టమైన పనని ఆయనకు అంతకుముందు తెలియదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోను మోగింది. నర్సమ్మ తీసింది. అవతల మేనేజరు. రేపటికి పని అవుతుందా అని అడిగాడు.

"రేపేంటి బాబూ, ఆరు వారాల దాకా ఆయన చెయ్యి ఆడదు. ఎముక విరిగింది."

"మరి మా సార్ వాచీ?"

"వాచీయా? ఆయన చేతికి వాచీ గీచీ ఏం లేదే. కట్టు కట్టింది నేనే."

కట్టేటప్పుడు తువ్వాలు కింద ఏముందో ఆవిడకు తెలియదు కాబట్టి, ఆవిడ చెప్పింది అబద్ధమూ కాదు. వాచీ ఎప్పుడూ ఆయన చేతికే ఉంటుందని తెలిసిన మేనేజరు మాత్రం ఫోను పెట్టేశాడు.

అయిదింటికి వీధి మొదట్లో ఓడంత కారు ఆగింది. సందులోకి పట్టలేదు. బంగళా ఆసామి దిగి, మేనేజరు గొడుగు పడుతుండగా, నలభై అడుగులు నడిచి వచ్చాడు. తెల్లగా, మెత్తగా, కొత్త దిండులా ఉన్నాడు. ఆ నలభై అడుగులకే రొప్పుతున్నాడు.

"నా వాచీ ఎక్కడ?" అన్నాడు నెమ్మదిగా. కోపం కంటే ఆయాసమే ఎక్కువ వినబడింది.

"పోలీసులకు చెప్పమంటారా సార్?" అన్నాడు మేనేజరు.

గుమ్మం బయట వీధి వీధంతా ఉంది. ఇరవై ఏడేళ్ల మంచిపేరు ఆ ఒక్క మాటతో గుమ్మం దాటి వెళ్లిపోయేలా ఉంది. వాచీలాయన చెయ్యి ముందుకు చాపాడు.

"విప్పండక్కయ్యా."

నర్సమ్మ ఒప్పుకోలేదు. ఆయన కుడి చేత్తో తానే ముడి లాగాడు. బ్యాండేజీ ఊడింది. స్కేళ్లు రెండూ కింద పడ్డాయి. తువ్వాలు చుట్టు తర్వాత చుట్టు విప్పుకుంది. మణికట్టు మీద రెండిళ్ల వాచీ తళుక్కుమంది. గదిలో అందరూ ఊపిరి వదిలారు, నర్సమ్మ తప్ప.

ఆసామి వంగి చూశాడు. మూడు గంటల పది నిమిషాలు. సెకన్ల ముల్లు కదలడం లేదు.

"ఆగిపోయింది" అన్నాడు.

"చేతికి పెట్టుకు తిరిగి పాడు చేశాడు సార్" అన్నాడు మేనేజరు.

వాచీలాయన లెక్క వేసుకున్నాడు. రెండిళ్లు. తనకున్నది ఒకటి, అది కూడా సగమే వెల్ల వేసింది. మోచేతుల దాకా సున్నంతో ఉన్న ఇల్లాలు కుంచె పక్కన పెట్టి ముందుకొచ్చింది.

"ఆగక ఏం చేస్తుందండీ? నిన్న పొద్దుటి నుంచి ఈయన చెయ్యి కదిపితేగా. శుక్రవారం దాకా చాకిరీ చేశారు, అదీ నడిచింది. ఇప్పుడు జమీందారులా కూర్చున్నారు, అదీ కూర్చుంది."

వాచీలాయన భార్య వంక చూశాడు. వాచీ వంక చూశాడు. తర్వాత బంగళా ఆసామి వంక, మొదటిసారి, పరీక్షగా చూశాడు. మూడుసార్లు వాచీని విప్పాడు గానీ, రోజుల తరబడి చెయ్యి కదపని మనిషి లోకంలో ఉంటాడని ఆయనకు తట్టనే లేదు.

"సార్, ఏమీ అనుకోకండి. రోజు మొత్తంలో మీరు చేత్తో చేసే పనులేంటి?"

ఆసామి ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. సాయం కోసం మేనేజరు వంక చూశాడు.

"సార్ సంతకాలు పెడతారు" అన్నాడు మేనేజరు.

"ఏ చేత్తో?"

"కుడి చేత్తో."

వాచీ పెట్టుకునేది ఎడమ చేతికి.

వాచీలాయన లేచి, కర్రకు కట్టిన కుంచెను రెండు చేతులా పట్టుకుని గోడ మీద కిందికీ పైకీ నాలుగుసార్లు లాగాడు. అయిదోసారికి సెకన్ల ముల్లు కదిలింది. చేయి చాపి చూపించాడు. ఆసామి ఆ వాచీని తన చేతికి పెట్టించుకుని, మేనేజరు వారిస్తున్నా వినకుండా కుంచె అందుకున్నాడు. మూడు జానల మేర గోడకు సున్నం పూశాడు, బూట్లకు అంతకంటే కాస్త ఎక్కువే పూశాడు. నుదుటి చెమట తుడుచుకుని వాచీ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నడుస్తోంది" అన్నాడు, కొడుకు తొలి అడుగు చూసిన తండ్రిలా.

వాచీలాయన కుంచె తిరిగి తీసుకున్నాడు. రోజూ ఓ అరగంట ఏదైనా పని చేసుకుంటే చాలునని, దానికి పైసా ఖర్చు లేదని చెప్పాడు. మేనేజరు ఆ సంగతి డైరీలో రాసుకున్నాడు. ఆసామి గొడుగు వద్దని, నలభై అడుగులూ చేతులు ఊపుకుంటూ నడిచి వెళ్లాడు.

"అయితే నీ చెయ్యి నిజంగా విరగలేదా?" అంది నర్సమ్మ నిష్ఠూరంగా, స్కేళ్లు ఏరుకుంటూ.

ఆవిడ వెళ్లాక వాచీలాయన అగ్గిపెట్టెల పక్కనుంచి పాత స్టీలు వాచీ తీసి, పది చుట్లు కీ ఇచ్చి, చేతికి పెట్టుకున్నాడు. పోయిన చెయ్యి తిరిగొచ్చినంత తేలిగ్గా ఉంది. చెయ్యి విదిల్చాడు, గోడకు కొట్టాడు, బకెట్లో ముంచినంత పని చేశాడు.

"ఇంక చాల్లెండి, ఆ మూడు జానలూ మళ్లీ వెయ్యాలి. మచ్చలు మచ్చలుగా ఉంది" అంది ఇల్లాలు. ఇద్దరూ కలిసి వేస్తుంటే పూత పూతకూ గది తెల్లబడుతూ వచ్చింది. తానింతవరకూ చేసిన పనులన్నిట్లోకీ ఇదే సుఖమైన పని అనిపించిందాయనకు.

నెల తిరిగాక మేనేజరు మళ్లీ కొట్టుకు వచ్చాడు. ఈసారి మఖమలు గుడ్డలో చుట్టిన పెట్టె తెచ్చాడు. వాచీని అందులో పెడితే సార్ బదులు అదే రాత్రింబవళ్లు ఊపుతుందట. విదేశాల నుంచి తెప్పించారు, వాచీ కంటే కాస్తే తక్కువ పడింది. నాలుగు రోజులుగా అది కూడా ఊపడం లేదని, చూసిపెట్టమని అడిగాడు.

వాచీలాయన కంటికి భూతద్దం తగిలించుకుని అంతా వెతికాడు. యంత్రంలో ఏ లోపమూ లేదు, దాని స్విచ్చు వేయడానికి బంగళాలో పెట్టుకున్న మనిషి ఆ వారం సెలవులో ఉన్నాడు.