నలభయ్యా, యాభై అయిదా?

శనివారం ఉదయం ఆర్విడ్ సోల్‌బర్గ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గుండు ఎంచుకోవాలి, మధ్యాహ్నానికల్లా చెల్లెలి ఆల్ఫాల్ఫా గడ్డి పొలంలో తుపాకీ పట్టుకుని బోర్లా పడుకోవాలి. మోంటానాలో మంచు కరిగి గడ్డి పచ్చబడగానే నేల ఉడతలు బొరియల్లోంచి పైకొస్తాయి. పొలాన్ని జల్లెడ చేస్తాయి. ఆ కన్నాల్లో పడి ఆవుల కాళ్ళు విరుగుతాయి. తన పాత హార్నెట్ తుపాకీతో వాటి మీదికి వెళ్ళే మొదటి రోజంటే, డెబ్బై దాటిన ఆర్విడ్‌కి ఇప్పటికీ కాలు నిలవదు.

ఆయన కొన్న తూటాలు వాడడు. గరాజులో బల్ల ముందు కూర్చుని, ఖాళీ ఇత్తడి గొట్టాల్లో తుపాకీ మందు తూచి పోసి, మూతిలో గుండు బిగించి తనే తయారు చేసుకుంటాడు. ఇన్నాళ్ళూ వాడిన గుండును ఆ ఏడు కంపెనీవాళ్ళు ఆపేశారు. అదొచ్చి పడింది చిక్కు. ఇప్పుడు బల్ల మీద రెండు రకాలున్నాయి. ఒకటి నలభై గ్రెయిన్లు తూగే తేలిక గుండు, రెండోది యాభై అయిదు గ్రెయిన్ల బరువు గుండు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరూ వాటిని ఉత్త అంకెలతోనే పిలుస్తారు, గుండు మీది రాగి తొడుగుని తోలంటారు. స్నేహితుడు డ్వేన్ తుపాకుల దుకాణానికి వెళుతున్నాడు. బయల్దేరేముందు ఫోన్ చేస్తాననీ, ఏది కావాలో చెబితే ఓ పెట్టె తెస్తాననీ అన్నాడు.

ఫోన్ మోగింది. చేసింది డ్వేన్ కాదు, చర్చి కార్యదర్శి ఆర్డిస్.

ఆ చర్చికి పాస్టరు లేక ఏడాది దాటింది. ఈసారి కూడా ఎవరూ కుదరకపోతే పక్క ఊరి చర్చిలో కలిపేస్తామని పైవాళ్ళు తేల్చి చెప్పారు. కలిపేస్తే ఇక ప్రతి ఆదివారం పక్క ఊరివాళ్ళు పెట్టే నీళ్ళ కాఫీ తాగాలి. ఆ భయంతో ఊరు ఊరంతా వెతగ్గా వెతగ్గా ఇద్దరు ఆడ పాస్టర్లు దొరికారు. ఒకావిడకి నలభై ఏళ్ళు, రెండో ఆవిడకి యాభై అయిదు. ఇద్దరూ ముందురోజే వచ్చి ఊళ్ళో మోటెల్లో దిగారు. ఆదివారం ఓటింగు. ఊళ్ళో పెద్దవాడు కదా, ఆర్విడ్ మనసులో ఏముందో కనుక్కుందామని ఆర్డిస్ ఫోన్ చేసింది.

తుపాకీ మోతలకి ఆర్విడ్ చెవులు ఎప్పుడో సగం మూతపడ్డాయి. ఫోన్లో ఆడగొంతూ మగగొంతూ ఆయనకి ఒక్కలాగే గుయ్యిమంటాయి.

"ఏం తేల్చుకున్నావు ఆర్విడ్? నలభయ్యా, యాభై అయిదా?" అంది ఆర్డిస్, పాస్టర్ల పేర్లకి నోరు తిరక్క.

"అదే పొద్దున్నించీ కొట్టుకుంటున్నా," అన్నాడు ఆర్విడ్ ఉత్సాహంగా, అవతల ఉన్నది డ్వేనే అనుకుని. "నలభై హుషారైందనుకో. కానీ తోలు పలచన. గడ్డిపరక తగిలినా ఠప్పున పేలిపోతుంది. కాస్త గాలి వీచిందా, ఎటో కొట్టుకుపోతుంది."

ఆర్డిస్ గతుక్కుమంది. అయినా పెద్దాయన మొహమాటం లేకుండా చెబుతున్నాడని సర్దుకుని, మరి యాభై అయిదు సంగతేమిటని అడిగింది.

"బరువు కదా, గాలికి చలించదు. కాకపోతే నత్తనడక. అది చేరేలోపు ఉడత ఇంటికెళ్ళి భోంచేసి వస్తుంది. పైగా వెనకవైపు సన్నగా పడవలా ఉంటుంది. నా సంగతి తెలుసుగా, వెనకవైపు చదునుగా ఉంటేనే నాకిష్టం."

ఆర్డిస్ చేతిలో కలం కింద పెట్టేసింది.

"రెంటినీ మధ్యాహ్నం మా చెల్లెలి పొలానికి పట్టుకెళ్ళి గాలిలో పరీక్షిస్తా. అప్పుడు చెబుతా," అని ఆర్విడ్ ఫోన్ పెట్టేశాడు. తర్వాత వరసగా మోగిన ఫోన్లను, అసలైన డ్వేన్ చేసినదాంతో సహా, పట్టించుకోలేదు. అప్పటికే ఆయన మందు తూస్తున్నాడు.

ఆర్డిస్ ఈ మాటలు ఒకే ఒక్కరికి, అదీ ఎవరికీ చెప్పొద్దని చెప్పింది. కాఫీ హోటలుకి చేరేసరికి నలభై ఏళ్ళ పాస్టరమ్మకి ముక్కు మీద కోపమని తేలింది. పెట్రోలు బంకు దగ్గర యాభై అయిదేళ్ళావిడకి నడుమునొప్పి వచ్చింది. మంగలి షాపు దాటేసరికి, పాస్టర్లిద్దరినీ పొలంలో గాలికెదురుగా నిలబెట్టి ప్రసంగం చెప్పిస్తారనీ, ఎవరి గొంతు కంచె దాటితే వాళ్ళకే ఉద్యోగమనీ ఖాయమైపోయింది. ఆడవాళ్ళు ఇదేదో పండగనుకుని బంగాళాదుంపల కూర పొయ్యి మీద పెట్టేశారు.

యాభై అయిదేళ్ళావిడ చెవిన తన వెనకభాగం గురించిన మాట పడింది. ఆవిడ పెట్టె సర్దుకుని, మోటెల్ తాళం అప్పజెప్పి, కారెక్కి వెళ్ళిపోయింది. అప్పుడు ఊరికి గుండె జారింది. ఇక మిగిలింది ఒక్కతే. ఆవిడా వెళ్ళిపోతే చర్చి లేదు.

నలభై ఏళ్ళావిడ పేరు జిల్ ఓస్ట్‌బై. హోటల్లో యాపిల్ పై ముక్క తింటోంది. ఆవిడ ఎదురుగా నిలబడి ఆర్డిస్ చేతులు నలుపుకుంటూ క్షమాపణ చెప్పబోయింది. జిల్ ఆపి, ఆ పెద్దాయన ఏమన్నాడో ఒక్క అక్షరం మార్చకుండా చెప్పమంది. ఆర్డిస్ నేల చూపులు చూస్తూ అంతా చెప్పింది. జిల్ ఫోర్కు కింద పెట్టి, పొలానికి దారెటని అడిగింది. ఆవిడ ముఖంలో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు. ఆవిడ కారు వెనక ఆర్డిస్ కారు, ఆ వెనక ఊళ్ళో ఉన్న పికప్పు ట్రక్కులన్నీ కదిలాయి.

సంగతి తెలిసి ఆర్విడ్ భార్య మావిస్ గరాజులోకి పరిగెత్తింది. బల్ల మీద మందు వాసన తప్ప ఏమీ లేదు. ఆవిడా ఏప్రనుతోనే కారెక్కింది.

పొలంలో ఆర్విడ్ పరిస్థితి అప్పటికే బాగాలేదు. నలభైలు గురి కోసం నిలబెట్టిన అట్ట మీద ముద్దగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పడ్డాయి. యాభై అయిదులు మాత్రం తలో దిక్కుకీ పోయాయి. ఎందుకో బోధపడలేదు. సరే, ఉడతల మీదే తేల్చుకుందామని గురి పెట్టాడు. ఉన్నట్టుండి ఉడతలన్నీ బొరియల్లోకి దూకేశాయి. తలెత్తి చూస్తే దుమ్ము రేపుకుంటూ ఊరంతా వస్తోంది. ఆర్విడ్ తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టి, కూర గిన్నెలు దింపుతున్న ఆడవాళ్ళని చూసి, ఆ ఊళ్ళో అన్ని గిన్నెలు ఒకచోట చేరేది చావులకే కాబట్టి, ఎవరో పోయారనుకుని టోపీ తీశాడు.

జనంలోంచి ముందుగా ఆయన మీదికి వచ్చింది మావిస్.

"నీ నోట్లో నా బూటు పెట్ట. పాస్టరమ్మల్ని పట్టుకుని వెనకవైపూ ముందువైపూ అంటావా?" అని అరిచింది, ఆయనకి వినపడేలా.

ఆర్విడ్‌కి విషయం అర్థమయ్యేందుకు కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం పాలిపోయింది. తను బాప్తిస్మం పొందింది, పెళ్ళి చేసుకుంది ఆ చర్చిలోనే. దాన్ని తన చేత్తోనే మూయించాడు. చేతిలో టోపీ నలిగిపోతుండగా, ఎదురుగా వచ్చి నిలబడ్డ జిల్‌తో, "అమ్మా, నేనన్నది మిమ్మల్ని కాదు. ఈ తుపాకీ గుళ్ళని," అన్నాడు.

జిల్ ఆయన వంక చూడలేదు. గురి అట్ట దగ్గరికి నడిచి, వంగి, యాభై అయిదులు చేసిన కన్నాలని వేలితో తడిమింది. అవి గుండ్రంగా లేవు, తాళం కన్నాల్లా నిలువుగా ఉన్నాయి.

"మీ తుపాకీ గొట్టంలో గుండుని తిప్పే గాడి మెలిక ఎంత?" అని అడిగింది.

"పదహారంగుళాలకి ఓ చుట్టు," అన్నాడు ఆర్విడ్ బిక్కచచ్చిపోయి.

"మరి యాభై అయిదెందుకు తెచ్చారండీ? అంత పొడుగు గుండుని ఆ మెలిక తిప్పలేదు. దారిలోనే అడ్డం తిరిగిపోతుంది. తోలు పలచనైతే ఏం, హార్నెట్ వేగానికి అదే ఉండాలి. కళ్ళు మూసుకుని నలభై తీసుకోండి."

హోటల్లో వెనకవైపు చదును అన్న మాట వినగానే తనకి సంగతి తెలిసిపోయిందనీ, డకోటాలో పశువులు పెంచే తమ ఇంట్లో నాన్నా చిన్నాన్నా భోజనాల బల్ల మీద రోజూ ఇదే గొడవ పడేవారనీ, పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా వేరే మాట విన్న గుర్తు లేదనీ జిల్ తాపీగా చెప్పింది. ఆ తర్వాత నేల మీద బోర్లా పడుకుని, తుపాకీ అందుకుని, ఒక్క తూటా ఇమ్మంది. ఆర్విడ్ నలభై అందించాడు. ఆమె అట్ట మీద ముద్దకి సరిగ్గా నడిమధ్యన కొట్టింది.

ఓటింగు ఆదివారం దాకా ఆగలేదు. పికప్పుల వెనక తలుపులు దించి, కూర వడ్డించుకుంటూ, నలభై కావాలన్నవాళ్ళు చెయ్యెత్తమన్నారు. ఆర్విడ్ రెండు చేతులూ ఎత్తాడు.

జిల్ ఓస్ట్‌బై ఆ చర్చిలో ఇప్పటికీ పాస్టరుగానే ఉంది. వసంతకాలంలో ఉడతలు పైకొచ్చాక, గాలి లేని ఆదివారాల్లో మాత్రం ఆమె ప్రసంగం మరీ పొట్టిగా ఉంటుంది.