అనుభవం వచ్చినవాళ్ళు బయటికి

ఒక పెద్ద అడవిలో (పెద్దదని ఆ అడవి తనకు తానే చెప్పుకునేది లెండి) ఒక హైస్కూలు ఉండేది. ఆ హైస్కూలుకు పేరున్న ఫుట్‌బాల్ జట్టు ఉండేది. ఏళ్ళ తరబడి పదో తరగతి తప్పుతూ, అదే బెంచీ మీద కొమ్ములూ కోరలూ పెంచుకున్న దున్నలూ, అడవిపందులూ అందులో ఆడేవి. వాటికి చదువు అంటకపోయినా ఆట బాగా వచ్చింది.

పోయినేడు పరీక్షలకు గుడ్లగూబ పంతులుగారిని పట్టపగలు కాపలా వేశారు. ఆయన హాయిగా నిద్రపోయారు. పదో తరగతి మొత్తం పాసైపోయింది. బడికి పేరొచ్చింది, జట్టు పోయింది.

సరిగ్గా అప్పుడే డ్రిల్లు మాస్టారుగా వచ్చాడు ఎలుగుబంటి జంబులింగం. ఆయన జన్మలో బంతి తన్నలేదు. తేనె కోసం చెట్లెక్కే జాతి గనక కాళ్ళలో సత్తువ ఉంటుందని కమిటీవారు తీసుకున్నారు. అదీ తాత్కాలికంగానే. సీజను సవ్యంగా జరిగితే పర్మినెంటు చేస్తామన్నారు. ఇంట్లో భార్య మాత్రం అప్పుడే పర్మినెంటు అయిపోయినట్టు చుట్టాలందరికీ చెప్పేసింది. దాంతో జంబులింగానికి ఈ లోకంలో కావలసింది ఆ ఆర్డరొక్కటే అయింది.

చేతికొచ్చిన జట్టంతా చిన్న పిల్లలే. కుందేలు తన వైపు ఏది వచ్చినా పారిపోయేది, బంతయినా సరే. గోల్‌కీపరు తాబేలు కూర్మారావు బంతి కనపడగానే డొప్పలోకి దూరేవాడు. ముళ్ళపంది బంతిని ముద్దుగా హత్తుకుందంటే ఆ పూటకు ఆట ముగిసినట్టే. జంబులింగం గట్టు మీద నిలబడి ఈల ఊది, "ముందుకి, అందరూ ముందుకి" అని అరిచేవాడు. ఆటలో ఆయనకు తెలిసిన మాట అదొక్కటే.

మొదటి మ్యాచిలో ఎన్ని గోల్సు పడ్డాయో ఎవరికీ తెలీదు. లెక్కపెడుతున్న కాకి మధ్యలోనే విసుగెత్తి ఎగిరిపోయింది.

కమిటీ చైర్మన్ నక్క పరంధామయ్య కబురంపాడు. జంబులింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మాస్టారూ, ఇంతలా ఓడిపోయారేం?"

"కొత్త పిల్లలండీ. అనుభవం లేదండీ."

నక్క కుర్చీలో ముందుకు జరిగాడు. "భలే మాట చెప్పారు. ఇన్నేళ్ళుగా కమిటీ నడుపుతున్నాం, తప్పించుకోడానికి ఇంత మర్యాదైన దారి మాకు తట్టనే లేదు."

సభ పెట్టి జంబులింగానికి శాలువా కప్పారు. హెడ్మాస్టరు ఏనుగు భూషణంగారు అనుభవం లేకపోవడంలోని గొప్పతనం గురించి చీకటి పడేదాకా మాట్లాడారు. తరవాతి మ్యాచీ ఓడిపోయారు, ఇంకో శాలువా వచ్చింది. శాలువాలు ఎక్కువై భార్య వాటితో గుమ్మాలకు తెరలు కుట్టించింది.

అంతా ఇలా సాఫీగా జరిగిపోతుండగా ముంగిసపిల్ల చంద్రకళకు ఆట రావడం మొదలైంది. ఒక సాయంత్రం మాస్టారి దగ్గరకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, అందరం ముందుకెళ్ళిపోతే వెనకాల ఎవరుంటారండీ?"

జంబులింగానికి ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. ఇద్దరూ నేల మీద కూర్చుని పుల్లతో గీతలు గీశారు. కొందరు ముందుంటే కొందరు వెనకుండాలని తేల్చుకునేసరికి చీకటి పడింది. ఆ రాత్రి ఆయనకు ఆర్డరు సంగతే గుర్తు రాలేదు. తాను నిజంగా మాస్టారేనేమో అన్న అనుమానం మొదటిసారి కలిగింది.

తరవాతి మ్యాచీ సమమైంది. జంబులింగం గట్టు మీద గంతులేశాడు. పరంధామయ్య మాత్రం మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఏమిటీ పని మాస్టారూ? పిల్లలకు ఆట వచ్చేస్తోంది. రేపు ఓడిపోతే అనుభవం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు? మీ ఆర్డరు నా బల్ల మీదే ఉంది. మీ ఇష్టం మరి."

మర్నాడు జంబులింగం చంద్రకళను పక్కకు పిలిచాడు.

"రేపటి నుంచి నువ్వు ఆడొద్దమ్మా."

"నేనేం తప్పు చేశానండీ?"

"తప్పేం లేదు. నేర్చేసుకున్నావు."

ఆ మాట అన్నందుకు ఆయనకు చచ్చేంత సిగ్గేసింది. సిగ్గుపడుతూనే, డొప్పలోంచి తల బయటపెట్టి ఒక బంతి ఆపిన పాపానికి కూర్మారావును కూడా తీసేశాడు. ఆ పైన ఎవరు బంతిని తిన్నగా తన్నినా ఆ సాయంత్రమే ఇంటికి పంపేశాడు. వాళ్ళ తల్లిదండ్రులు టీసీలు తీసుకుని పిల్లల్ని ఏటి అవతలి బడిలో చేర్చారు.

సీజను చివరి మ్యాచీ ఆ ఏటి అవతలి బడితోనే పడింది.

జంబులింగం జట్టులో ఆ రోజు దిగిన దుప్పిపిల్ల బంతిని వాసన చూసి, "ఇది తినేదా అండీ?" అని అడిగింది. అవతలి జట్టుకు చంద్రకళ కెప్టెను, గోల్లో కూర్మారావు. ఆట మొదలయ్యే ముందు వాళ్ళంతా వచ్చి పాత మాస్టారి కాళ్ళకు దండం పెట్టారు. పెట్టి వెళ్ళి, చితక్కొట్టారు.

కొందరు ముందుకెళ్తే కొందరు వెనకున్నారు. నేల మీద పుల్లతో గీసిన గీతలే అవన్నీ. జంబులింగం తాను ఏ బడి మాస్టారో మర్చిపోయి రెండు చేతులా చప్పట్లు కొట్టాడు. ఆ మైదానంలో ఆయన నేర్పిన ఆట ఆడింది ఆ అవతలి జట్టొక్కటే మరి.

సాయంత్రం సభలో మామూలుగానే శాలువా కప్పారు. పరంధామయ్య ఆర్డరు మీద సంతకం పెట్టబోతూ ఆగాడు.

"రూలు ప్రకారం ఒక్క ముక్క అడగాలి మాస్టారూ. మీకు ఈ ఏడాది ఏమైనా ఆట తెలిసిందా?"

లేదంటే సరిపోయేది. కానీ జంబులింగం చెవుల్లో ఇంకా ఆ చప్పట్లే మోగుతున్నాయి. "తెలిసిందండీ. ఎవరు ముందుండాలో, ఎవరు వెనకుండాలో ఇప్పుడు బాగా తెలిసింది" అన్నాడు ఛాతీ విరుచుకుని.

నక్క కలానికి మూత పెట్టేశాడు. "అయ్యయ్యో. ఇంత అనుభవమున్న మాస్టారుంటే, వచ్చే ఏడాది ఓటములకు మేమేం సమాధానం చెప్పుకోవాలి? మా బావమరిది తోడేలున్నాడు. బంతి ఎలా ఉంటుందో కూడా తెలీదు పాపం. వాడిని వేసుకుంటాం లెండి."

జంబులింగం శాలువా భుజాన వేసుకుని ఏరు దాటాడు. అవతలి మైదానంలో చంద్రకళ ఎదురొచ్చింది.

"మీ బడిలో నాకేమైనా పని దొరుకుతుందా అమ్మా?"

"మాస్టారి ఉద్యోగమైతే కష్టమండీ. మా కమిటీ అనుభవం అడుగుతుంది. మీరొక్క మ్యాచీ కూడా గెలవలేదు కదండీ." పక్కనున్న సంచీ చూపించి అడిగింది. "బంతుల సంచీ మోస్తారా?"

జంబులింగం సంచీ భుజానికెత్తుకున్నాడు. ఆ పనిలో ఆయనకు బొత్తిగా అనుభవం లేదు. కాబట్టి త్వరలోనే పర్మినెంటు అవుతుందని ఆ రాత్రే భార్యకు చెప్పాడు.

నీతి: అనుభవం తప్పకుండా సంపాదించుకోండి, కానీ ఆర్డరు చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పకండి.