కొండల్‌రావు ఫ్లెక్సీ

ఆదివారం కాలనీ సంఘం ఎన్నిక. పోయినసారి సాంబయ్య చేతిలో రెండు ఓట్లతో ఓడిన కొండల్‌రావు, ఈసారీ ఓడితే హుజూరాబాద్‌లో తలెత్తుకు తిరగలేనని తీర్మానించుకున్నాడు. అందుకే గురువారం పొద్దున చాయ్ తాగుతూనే ఫ్లెక్సీ పని మొదలుపెట్టాడు. నడుమ నిలువెత్తు తాను, చుట్టూ అభిమానుల ముఖాలు. వెతగ్గా వెతగ్గా కాలనీలో నలుగురు అభిమానులు తేలారు: భార్య లీలాబాయి, ఇద్దరు బావమరుదులు, ఇంట్లో కిరాయికున్న పోశం.

"బిడ్డా, గీ ఫొటోలు ఫ్లెక్సీ అంజికి పంపు."

కూతురు అలేఖ్య ఇంటి నుంచే ఉద్యోగం చేస్తుంది. కెమెరాలకు మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పడానికి కంప్యూటర్ తయారుచేసిన నూట ఇరవై ముఖాలు ఆమె ఆ పొద్దునే ఆఫీసుకు పంపాలి. అవి లోకంలో ఎక్కడా లేని మనుషులవి. హడావిడిలో ఇటు పంపాల్సినవి అటు, అటు పంపాల్సినవి ఇటు పోయాయి.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి జవాబొచ్చింది: "నాలుగే వచ్చాయి. ఒక్కటీ నిజం మనిషిలా లేదు. ముఖ్యంగా మీసాలాయన."

మీసాలాయన పెద్ద బావమరిది సంతోష్‌రావు. ఫొటోలు తారుమారయ్యాయని తెలిసి అలేఖ్య చౌరస్తాకు ఉరికేసరికి ఫ్లెక్సీ లేచింది. కింద తండ్రి మురిసిపోతూ నిలబడ్డాడు.

"బాపూ, దించుండ్రి! గా మనుషులు పుట్టనే లేరు!"

"పుట్టకుంటేంది? ఉన్నోళ్లకన్నా మంచిగ నవ్వుతున్నరు. ఉండనియ్యి."

సాయంత్రం సాంబయ్య వచ్చి, మెడ నొప్పిపుట్టేదాకా ముఖాలు చూశాడు. "కొండలన్నా, గింతమంది ఏడికెళ్లి వచ్చిన్రే?"

"అభిమానం సాంబన్నా. ఆపితే ఆగుతదా?"

పక్కనే ఉన్న కాలనీ ముసలమ్మ చంద్రవ్వ ఒక ముఖానికి వేలు చూపింది. "గా నల్ల అంగీ పిలగాడు మా ఎల్లక్క అల్లుడే. మొన్న మా ఇంట్లనే తిన్నడు."

కొండల్‌రావుకు ధైర్యం వచ్చింది. ఇంటికెళ్తే లీలాబాయి తలుపు దగ్గరే ఉంది. "నూటిరవై మందిల నా మొఖమొక్కటే బరువైందా?" లోపల బావమరుదులూ పోశమూ మూతి ముడుచుకుని కూర్చున్నారు.

శనివారం పొద్దున చౌరస్తాలో ఎదురుగా సాంబయ్య ఫ్లెక్సీ లేచింది. 'కొండల్‌రావు వర్గం వీడి మాతో చేరిన అరవై మందికి స్వాగతం.' అవే ముఖాలు, అదే నవ్వు. నల్ల అంగీ అబ్బాయి ముందు వరుసలో ఉన్నాడు.

"గిదేందిరా అంజీ?"

"ఫొటోలు నా దగ్గర్నే ఉండె సారూ. సాంబన్న అడిగిండు, ఇచ్చిన."

ఆదివారం కొండల్‌రావు లీలాబాయిని ఓటుకు పిలిచాడు.

"ఫ్లెక్సీల ఉన్నోళ్లనే ఏయమను పో" అందామె. బావమరుదులూ పోశమూ కూడా గడప దాటలేదు.

మూడు ఓట్లతో ఓడిపోయాడు.

"మూడంటే మూడే బాపూ! మనింటోళ్లు నలుగురు వస్తే గెలుద్దుము" అంది అలేఖ్య.

కొండల్‌రావు వినడం లేదు. ఎదుటి ఫ్లెక్సీని చూస్తూ కండువాతో కళ్లొత్తుకున్నాడు.

"గా అరవై మందికి నేనేం తక్కువ చేసిన బిడ్డా?"