కుర్చీ ఓటు కుట్ర కేసు

"లింగం, యాదికి పెట్టుకో. బోధన్ నుంచి నిజాంసాగర్ దాకా నేరం జేసే ప్రతోడు ముందుగాల నా మొఖం తల్చుకొని గజగజ వణుకుతడు!"

ఈ ప్రకటన చేసినవాడు డిటెక్టివ్ హన్మండ్లు. ఆ బిరుదు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే ఇచ్చుకున్నాడు. కోటగిరిలో సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. ఇప్పటిదాకా ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన సొంత చెప్పులది. అవి ఆయన కాళ్లకే ఉన్నాయి. ఇప్పుడు మే నెల ఎండలో మోకాళ్ల దాకా నల్లకోటు తొడుక్కుని, ఫంక్షన్ హాలు గుమ్మంలో కళ్లు చిట్లించి నిలబడ్డాడు. పక్కనున్న ఆటో లింగం చిన్ననాటి స్నేహానికి శిక్ష అనుభవిస్తున్నాడు.

"నేరం ఏడున్నదిరా? గిది చందాల సభ!" అన్నాడు లింగం.

అవును, చందాల సభే. ఏటా ఊరంతా తలా ఇంత వేసి ఒక మంచి పనికి ఇస్తారు. ఏ పనికన్నది వచ్చినవాళ్లే ఓటేసి తేలుస్తారు. ఈసారి పోటీలో రెండున్నాయి. ఊరి మొదట్లో రంగురంగుల లైట్ల కమాన్, అదే స్వాగత తోరణం, కావాలని ధనుంజయ్ అడుగుతున్నాడు. వారానికోసారి జరిగే అంగడిలో కూరగాయలమ్మే ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలని గోదావరి అడుగుతోంది. గోదావరి లింగం భార్య. అంగడినాడు పొద్దంతా అక్కడే కూర్చుంటారు, పోదామంటే చాటు లేదు. ఏళ్లుగా అడిగి అడిగి ఆమె నోరు నొచ్చింది.

ఓటు దగ్గరే ఏటా తగువు. చేతులెత్తమంటే కొందరు రెండు చేతులూ ఎత్తారు. ఫోన్లో నొక్కమంటే అవ్వలు ఫోన్లు మనవలకిచ్చారు, మనవలు క్రికెట్ చూసుకున్నారు. సభ నడిపే వినీత టీచర్ ఈసారి తేలిక ఉపాయం కనిపెట్టింది. ఎవరి కుర్చీ వాళ్లు ఎత్తుకుని, నచ్చిన పని బోర్డు ముందు వేసుకుని కూర్చోవడమే. ఎడమ గోడకు కమాన్, కుడి గోడకు మరుగుదొడ్డి.

గోదావరి మాట్లాడితే హాలంతా చప్పట్లు కొట్టింది. ముందు వరసలోని ఈరవ్వ కళ్లు కూడా తుడుచుకుంది. వినీత గంట కొట్టింది. అంతే, జనమంతా కుర్చీలెత్తుకుని ఎడమ గోడకేసి నడిచారు, అందరికన్నా ముందు ఈరవ్వ! కుడి గోడ దగ్గర గోదావరి, లింగం, రెండు కుర్చీలు మిగిలాయి. గోదావరి గోడకేసి మొహం తిప్పుకుంది.

"కుట్ర! అంతర్జాతీయ కుట్ర!" హన్మండ్లు కోటు విదిల్చాడు. "నువ్వు ఫికర్ జేయకు చెల్లె. టీచరమ్మా, జర ఆగుండ్రి!"

ముందు ఈరవ్వను పట్టుకున్నాడు. "చెప్పవ్వా, నిన్ను కొన్నదెవడు?"

"నన్ను కొనేటోడు ఇంకా పుట్టలే బిడ్డా. జర పక్కకు జరుగు, గాలి రానీయ్."

"గాలి! రహస్య సంకేతం!" అని గొణుక్కుంటూ ధనుంజయ్ ముందు వాలాడు. "నీ ఒంటి మీద చెమట సుక్క లేదు. ఊరంతా ఉడికిపోతుంటే నువ్వెట్ల సల్లగున్నవ్?"

"నాకేమెరుక అన్నా! మా అమ్మ ఓటన్న పడ్తదో లేదో అనుకున్న. గింతమంది ఎందుకొచ్చిండ్రో నాకే సమజైతలేదు."

"నేరస్థులందరు గిట్లనే అంటరు. లింగం, నువ్వు గూడ ఈడికి రా. ఈ మూలకు నిలబడితే నా బుర్ర మస్తు పనిజేస్తుంది."

"నేనొస్తే నా పెండ్లాం ఒక్కతే ఉంటదిరా!" లింగం తన కుర్చీని గోదావరి కుర్చీకి ఇంకా దగ్గరగా జరుపుకున్నాడు.

"ఇంకెవరన్న జరుగుతరా? ఆఖరి గంట కొడుతున్న" అంది వినీత.

"ఆగండి! అసలు దోషి ఈ హాల్లనే ఉన్నడు. వాడు..." హన్మండ్లు చూపుడువేలు గాలిలో తిప్పుతూ, నాటకీయంగా ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. ఎవరి వైపు చూపాలో ఆయనకే తెలియదు. నాలుగో అడుగులో కోటు అంచు తొక్కుకున్నాడు. పడబోతూ చేతికందిన వైరు పట్టుకుని, దాన్ని ప్లగ్గుతో సహా ఊడబెరికి వెల్లకిలా పడ్డాడు.

ఎడమ మూలలో బీరువాంత కూలర్ గుర్రుమని ఆగిపోయింది.

ఈరవ్వ కొంగుతో విసురుకుంటూ లేచింది. "గాలే బందయినంక ఈడేం పని? నా ఓటు గోదావరికే" అని కుర్చీ ఎత్తుకుంది. వినీత నుదురు కొట్టుకుంది. కూలర్ ఆపి ఉంచి మళ్లీ గంట కొట్టింది. ఈసారి కుర్చీలన్నీ కుడి గోడకు బయలుదేరాయి. ధనుంజయ్ తల్లి కూడా తోటకూర అమ్మే మనిషే, కొడుకు వైపు చూడకుండా తన కుర్చీ లాక్కుంటూ పోయింది. ఎడమ వైపు ధనుంజయ్, ఆయన పక్కనే నేల మీద డిటెక్టివ్ మిగిలారు.

"కూలరే దోషి అని నేను ఎప్పుడో కనిపెట్టిన!" అన్నాడు హన్మండ్లు నడుము పట్టుకుని లేస్తూ. ఎవరూ వినలేదు. అందరూ చప్పట్లు కొడుతున్నారు.

గోదావరి లింగం చెయ్యి పట్టుకుంది. "ఇగ అంగడినాడు కడుపునిండ నీళ్లు తాగుతనయ్యా. ఇన్నేండ్లు పోవుడేడికని గుక్కెడు గూడ తాగలే."

ఇంత ఎండల్లో ఆమె దప్పికతో కూర్చుందని లింగానికి ఎన్నడూ తెలియదు. పరుగున వెళ్లి చల్లటి నీళ్ల గ్లాసు తెచ్చాడు.

"ఆగు!" హన్మండ్లు మధ్యలోనే గ్లాసు లాక్కున్నాడు. "శత్రువులు విషం కలిపిండ్రేమో, నేను పరీక్షించాలె." గటగటా తాగేసి, మూతి తుడుచుకుని ప్రకటించాడు. "మంచియే చెల్లె, తాగొచ్చు."

గోదావరి పగలబడి నవ్వింది. లింగం ఈసారి బిందె పట్టుకొచ్చాడు.