హులిగప్ప మడికి పోయే నీళ్ళు

పొద్దున్నే రొట్టెలు కాల్చి, మొగుడితో కలిసి చేలోకి పోయి, వరిమడిలో నిలిచిన నీళ్ళు బయటికి వదిలేసి, పది గంటలకల్లా ఇల్లు చేరాలనుకుంది యశోదమ్మ. పైరు పొట్ట మీదుంది. నడిమధ్యన గుండ్రంగా ఒకచోట ఎండుగడ్డి రంగు తిరిగింది. ముందురోజు హగరి వ్యవసాయ కేంద్రం నుంచి వచ్చిన నేత్రావతి మేడం మొదళ్ళు విడదీసి పురుగులు చూపించి, "సుడిదోమ. నీళ్ళు తీసేయండి, యూరియా ఆపండి" అని తేల్చేసింది. ఈ పైరు పోతే ఆ ఏడు ఇంట్లోకి గింజలు లేనట్టే.

మొగుడు సుబ్బరామికి ఆ మాట మింగుడు పడలేదు. తొమ్మిది రోజులు కాలువ దగ్గర కాపలా కాసి తెచ్చుకున్న నీళ్ళవి. వదిలితే నేరుగా కింది మడికి, అంటే హులిగప్ప మడికి పోతాయి. గట్టు తగాదాలో ఇద్దరికీ మాటలు లేక మూడేళ్ళు.

"ఆయమ్మకేం తెలుసు? ఇంకొకర్ని అడిగొస్తా" అని హోటలుకు పోయాడు.

అక్కడ నలుగురు మేడం చెప్పిందే చెప్పారు. వాళ్ళకు బుద్ధి లేదని తీర్మానించుకుని, కోత మిషను తోలే ఉచ్చెంగెప్పను అడిగాడు.

"ఎండదెబ్బ అప్పా. నీళ్ళు ఇంకింత పెట్టు" అన్నాడు ఉచ్చెంగెప్ప.

"వానికి ఇరవై ఏండ్ల అనుభవం ఉండాది" అన్నాడు సుబ్బరామి ఇంటికొచ్చి.

"మిషను తోలేదాంట్లో" అంది యశోదమ్మ.

అది ఆయన చెవిన పడలేదు. మళ్ళీ కాపలా కాసి నీళ్ళు పెట్టాడు. మచ్చ పెద్దదయింది. పైరుకు బలం చాల్లేదని యూరియా చల్లాడు. దోమకు పండగయింది. యశోదమ్మ నోరెత్తితే ఫోన్లో వీడియో చూపించాడు. అందులో మాట్లాడేది ఏ భాషో ఇద్దరికీ తెలియదు.

"ఆయప్ప చేన్లో నీళ్ళు ఎంత నిండుగా ఉండాయో చూడు" అన్నాడు.

పది రోజులకు సగం పైరు చాపలా పడిపోయింది. యశోదమ్మకు ఏడుపొచ్చింది గానీ ఏడ్చే ఓపిక లేదు. నిజం చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఇక అబద్ధమే గతి అనుకుంది.

"హులిగప్ప భయపడి సస్తాండాడంట" అంది అన్నం వడ్డిస్తూ. "నువ్వు నీళ్ళు ఇడిస్తే వాని పైరు మునుగుతాదని, ఇడవకూడదని దేవునికి మొక్కుకున్నాడంట."

సుబ్బరామి కంచం ముందునుంచి లేచి పార అందుకున్నాడు. ఎవరు చెప్పారని కూడా అడగలేదు.

మడి ఆరింది, దోమ తగ్గింది, మిగిలిన సగం దక్కింది. వారం తిరక్కుండా హులిగప్ప అరటిపండ్లు పట్టుకుని వాకిట్లోకొచ్చాడు.

"నా మడి ఎండిపోతాండె సుబ్బరామప్పా. టైముకు నీళ్ళు ఇడిస్తివి. నీ ఉపకారం మర్చిపోను."

తన అబద్ధం బయటపడిందనుకుంది యశోదమ్మ. అతను వెళ్ళాక సుబ్బరామి ఒక పండు ఒలిచాడు.

"వానికి కడుపు మండిపోతాండాది. పైకి ఎట్ల నవ్వినాడో చూసినావా?"

"చూసినాలే" అంది యశోదమ్మ. నిజం చెబితే మళ్ళీ మడికి నీళ్ళు కట్టేస్తాడు; ఆ మిగిలిన సగమూ పోగొట్టుకునే ఓపిక ఆమెకు లేదు.