టీచరుకు నోరెందుకు?

టీచరుకు సొంత నోరు ఉండకూడదు. ఇరవై రెండేళ్లు రెండో తరగతికి పాఠాలు చెప్పాక నేను తేల్చుకున్న సత్యమిది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరే లేకపోతే ఊరు ఇంకెంత బాగుపడాలి!

ఆ మేలు మా బడికి ఈ సెప్టెంబరులో జరిగింది. జిల్లా విద్యా కార్యాలయం మాకు తలా ఒక బైండరు, అంటే పాఠాల కాగితాలు గుచ్చిన లావుపాటి అట్టల పుస్తకం, ఇచ్చింది. ఆరు పౌండ్ల బరువు. చిన్నపిల్లలకు ఇంగ్లీషు వాక్యాలు కలపడం ఎలా నేర్పాలో అందులో ఉంది. టీచరు పలకవలసిన మాటలు లావు అక్షరాల్లో, పిల్లలు ఇవ్వవలసిన జవాబులు సన్న అక్షరాల్లో. 'ఎవరు' అన్న ముక్కకు ఆరు నిమిషాలు. 'ఏం చేశారు' అన్న ముక్కకు ఏడు. రెండు చిన్న వాక్యాలను ఒకటి చేయడానికి తొమ్మిది. మధ్యలో టీచరుకు దగ్గు వస్తే ఎంతసేపు దగ్గాలో మాత్రం రాయలేదు. వచ్చే ముద్రణలో సరిచేస్తారని ఆశ.

ఇందులో మేలేముందని అడుగుతున్నారా? మా పాత పద్ధతి ఎంత దండగో వినండి.

ఒక పిల్లవాడు 'కుక్క మొరిగింది' అన్న అట్ట పట్టుకుంటాడు. ఇంకొక పిల్ల 'పిల్లి చెట్టెక్కింది' అన్న అట్ట పట్టుకుంటుంది. మధ్యలో 'అండ్' అనే మాట మనిషి రూపంలో నిలబడి ఇద్దరి చేతులూ పట్టుకోవాలి. పట్టుకోగానే రెండూ ఒకే వాక్యం. తరగతంతా గట్టిగా చదవాలి. మా గదిలో ఆ 'అండ్' మా ఆయన ఆరిన్. ముప్పై ఏళ్లు జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. ప్రతి శుక్రవారం ఆ ఉద్యోగం నాటి నారింజ రంగు జాకెట్ వేసుకుని వచ్చేవాడు.

"మిస్టర్ ఆరిన్, మీ చెయ్యి గరగరలాడుతోంది," అనేవాడు కుక్క అట్ట పట్టుకున్న గస్.

"వారం వారం కుక్కనీ పిల్లినీ కలిపి చూడు, నీదీ ఇలాగే అవుతుంది. ఇక నోరు మూసుకుని మొరుగు."

"నోరు మూసుకుని ఎలా మొరుగుతారు?"

"నేనూ అదే అడుగుతున్నాను, ఎవడూ చెప్పడు."

ఒక్క వాక్యానికి పన్నెండు నిమిషాలు! బైండరు వచ్చాక కూడా శుక్రవారాల్లో తలుపు వేసుకుని మేం ఈ నేరం చేస్తూనే ఉన్నాం. ఒప్పుకుంటున్నాను.

నవంబరులో జింకల వేట మొదలైన మర్నాడు, మా గరాజ్‌లో, గుండె ఆగి ఆరిన్ చనిపోయాడు. నేరం దానంతట అదే ఆగింది.

ఇటువంటి సందర్భానికి జిల్లా మూడు రోజుల సెలవిస్తుంది. ఆ మూడు రోజులూ నా బదులు వచ్చే టీచరు ఏం చెప్పాలో అరగంట అరగంటకీ నేనే రాసి పంపాలి. అది నియమం. శవపేటికలు అమ్మేవాళ్ల ఆఫీసులో, వాళ్ల పెన్నుతోనే రాశాను. పూర్వమైతే పది కాగితాలు పట్టేవి. ఇప్పుడు బైండరు పేజీల నంబర్లు వేస్తే సరిపోయింది. ఇది మేలు కాదా?

నాలుగో రోజు బడికి వెళ్లాను. పద్దెనిమిది మంది పిల్లలు నా ముఖం వైపే చూస్తున్నారు. వాళ్లకు నన్నొకటి అడగాలని ఉంది. నాకు వాళ్లు అడగకుండా ఉంటే బాగుండునని ఉంది. బైండరు నా పక్షాన నిలిచింది. ఎనిమిదిన్నర నుంచి మూడింటిదాకా అందులో ఒక్క సందు కూడా లేదు.

ఆ శుక్రవారం జిల్లా నుంచి డెనీస్ వచ్చింది. మేం పుస్తకం దాటి మాట్లాడుతున్నామేమో చూసి మార్కులు వేయడం ఆమె పని. నేను లావు అక్షరాలు చదివాను. "ఈ రెండు వాక్యాలను ఏది కలుపుతుంది?"

విల్లా చెయ్యెత్తింది. ఏడేళ్ల పిల్ల. ముందు పళ్లు రెండూ లేవు.

"టీచర్, ఇవాళ శుక్రవారం కదా. మధ్యలో ఎవరు నిలబడతారు?"

గస్ మోచేత్తో పొడిచాడు. "అడగొద్దని మా అమ్మ చెప్పింది."

"మీ అమ్మ నీకు చెప్పింది. నాకు కాదు."

సన్న అక్షరాల్లో ఆ జవాబు లేదు. అయితే పుస్తకం రాసినవాళ్లు దూరదృష్టి కలవాళ్లు. అనుకోని జవాబు వస్తే ఏమనాలో ప్రతి పేజీ అడుగునా ఉంది. చదివాను. "మంచి ప్రయత్నం. ఇప్పుడు బోర్డు వైపు చూడండి."

పద్దెనిమిది మందీ బోర్డు వైపు చూశారు. విల్లా కూడా. బోర్డు మీద అప్పటికి ఏమీ లేదు.

"పూర్తి మార్కులు, వెర్నా," అంది డెనీస్ వెళ్లబోతూ. "ఆ పిల్ల ఎంత త్వరగా సర్దుకుందో చూశారా?"

ఇరవై రెండేళ్లలో నాకు పూర్తి మార్కులు రావడం అదే మొదలు.

సాయంత్రం పిల్లలు బూట్లు తొడుక్కుంటున్నారు. విల్లా కోటు జిప్పు ఇరుక్కుంటే వంగి లాగుతున్నాను.

"సారీ టీచర్."

"ఎందుకమ్మా?"

"తప్పు జవాబు చెప్పాను కదా, ఆవిడ ముందు."

జిప్పు వచ్చేసింది. బస్సు కూడా వచ్చేసింది.

సోమవారం నా వల్ల ఒక లోపం జరిగింది. ఎనిమిది నలభైకి బైండరు మూసి, సొంత నోటితో మాట్లాడాను. "విల్లా, నువ్వడిగింది తప్పు కాదు. ఎవరు నిలబడతారో నాకు తెలియదు. నాకూ ఆయనే వస్తే బాగుండుననిపిస్తోంది."

తరువాత నన్ను ఎవరూ ఆపలేదు, పిల్లల్ని నేను ఆపలేదు. ఆయనకు నొప్పి పుట్టిందా అని ఒకరు. మా కుందేలు కూడా చనిపోయిందని ఒకరు. రాత్రి ఇంట్లో మీరొక్కరే ఉంటున్నారా, భయం వేయదా అని గస్. కొన్నింటికి జవాబు చెప్పాను. చాలా వాటికి తెలియదన్నాను.

దీనికి ముప్పై ఒక్క నిమిషాలు పట్టింది. ఫలితంగా జిల్లాలోని రెండో తరగతులన్నిటికంటే మేం ఒక పేజీ వెనకబడ్డాం. ఆ నిమిషాలు ఏమయ్యాయో రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వమని కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది.

పైన మీరు చదివింది ఆ సంజాయిషీయే. వాళ్లు చదువుతారో లేదోనని ఒక నకలు మీకు పంపుతున్నాను.